తలకిందుల కొండ

తిరుమల కొండను నేను మొదటిసారి నింపాదిగా చూసింది తలకిందులుగా. 1992లో, డిగ్రీ రెండో సంవత్సరంలో, ఫిజిక్స్ ల్యాబులో. వెలుగులోని రంగులను విడదీసి కొలిచే స్పెక్ట్రోమీటర్‌తో ఏ ప్రయోగం చేయాలన్నా ముందు దాని టెలిస్కోపును దూరపు వస్తువు మీదికి తిప్పి ఫోకస్ చేసుకోవాలి. ఆ దూరపు వస్తువు ఏదో పుస్తకంలో ఉండదు. వేరే ఊళ్లలో పిల్లలు ఏ నీళ్ల ట్యాంకునో, కరెంటు స్తంభాన్నో వెతుక్కుంటారేమో. మాకు ఆ తిప్పలు లేవు. కిటికీ రెక్క తీస్తే ఎదురుగా కొండే.

ఐపీస్‌లో ఎర్రటి రాతి అంచు పైనుంచి వేలాడుతుండేది, దాని కింద ఆకాశం. ఆ టెలిస్కోపులో బొమ్మ తిరగబడే వస్తుంది. మా బ్యాచీలో ఒకడు ముందు దణ్ణం పెట్టుకుని, ఆ తర్వాతే స్క్రూ ముట్టేవాడు. "స్వామి శీర్షాసనం వేసినాడ్రా" అనేవాడు. ఆ మాట విని నవ్వని సోమవారం లేదు. మా ప్రాక్టికల్స్ సోమవారం మధ్యాహ్నాలు.

కొండ స్పష్టంగా కనిపించాక డార్క్ రూములోకి పోయేవాళ్లం. డార్క్ రూము అంటే నల్ల గుడ్డ కట్టిన కిటికీ, ఉక్కపోత, పాత చెక్క బల్లల వాసన. సోడియం దీపం ఒక పెట్టెలో ఉండేది. స్విచ్ వేయగానే పసుపు రాదు. మొదట గులాబీ రంగు. లోపల ఉన్న నియాన్ వాయువు ముందు వెలుగుతుంది, ఆ వేడికి గట్టిగా ఉన్న సోడియం మెల్లగా ఆవిరవుతుంది, అప్పుడు పసుపు ఎక్కుతుంది. ఈ ఐదు పది నిమిషాలు మాకు ఓపిక ఉండేది కాదు. ల్యాబ్ అటెండరన్న మాత్రం స్టూలు మీద కూర్చొని, "దీపం గూడా నిద్ర లేయాల గదప్పా" అనేవాడు. అంతా సిద్ధమయ్యాక సరిగ్గా కరెంటు పోయేది. మళ్లీ వచ్చాక మళ్లీ గులాబీ నుంచి మొదలు.

ఆ వెలుగులో మనుషులు వింతగా ఉండేవాళ్లు. రంగులన్నీ చచ్చిపోయేవి. ఎర్ర చొక్కా నల్లగా, ఆకుపచ్చ చొక్కా అదో మురికి రంగులో. అటెండరన్న నుదుటి మీద నామంలో మధ్య ఉండే ఎర్ర గీత బొగ్గుతో గీసినట్టుండేది. పడాల్సిన వెలుగులో ఎరుపే లేకపోతే ఎర్రటిది ఎర్రగా ఎట్లా కనిపిస్తుంది? ఈ ప్రశ్న ఎవరూ వైవాలో అడగలేదు. అడిగి ఉంటే ఫిజిక్స్ మీద ప్రేమ ఒక ఏడాది ముందే పుట్టేదేమో.

వైవాలో అడిగేది ఒక్కటే: సోడియం వెలుగు తరంగదైర్ఘ్యం ఎంత? 5893 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మిల్లీమీటరులో కోటో వంతు). ఇది మాకు ప్రయోగం చేయకముందే తెలుసు. సీనియర్ల రికార్డుల్లో ఉంది, గైడ్లో ఉంది. జవాబు ముందే తెలిసిన ప్రయోగాన్ని చేయడం ఎందుకని మేం రీడింగులు వండేవాళ్లం. గ్రేటింగ్ అంటే వెలుగును రంగులుగా చీల్చే, దగ్గరదగ్గరగా గీతలున్న పలక. దాని మీద అంగుళానికి 15,000 గీతలు. 5893 రావాలంటే మొదటి ఆర్డర్‌లో, అంటే నేరు వెలుగుకు పక్కన మొదట వచ్చే గీత దగ్గర, కోణం ఎంత ఉండాలో కాలిక్యులేటర్ మీద వెనక్కి కొడితే 20 డిగ్రీల 22 నిమిషాలు వచ్చేది. ఎడమ వైపు 20-21, కుడి వైపు 20-23 అని వేసి, సగటు తీసి, చివరికి 5892 రాసేవాళ్లం. 5893 అని అచ్చంగా రాస్తే అనుమానం వస్తుందని ఆ ఒక్క ఆంగ్‌స్ట్రామ్ వదిలేసేవాళ్లం. ఆ ఒక్కటి వదలడంలో మాకు పెద్ద కళాకారులమన్న గర్వం.

ఒక సోమవారం నేను ఇట్లాగే అరగంటలో ముగించి సార్ దగ్గరికి పోయి అబ్జర్వేషన్ బుక్ పెట్టాను. ఆయన చూసి తలూపాడు. సంతకం పెట్టలేదు. నన్ను వెంటబెట్టుకొని డార్క్ రూములోకి వచ్చాడు.

"ఏమప్పా, నువ్వు రాసిన చోటికి టెలిస్కోపు తిప్పు."

తిప్పాను. వెర్నియర్ మీద భూతద్దం పెట్టి 20 డిగ్రీల 22 నిమిషాలకు సరిగ్గా తెచ్చాను. ఐపీస్‌లో చూశాను. ఏమీ లేదు. క్రాస్‌వైర్ కూడా కనపడని చీకటి.

"ఏం కనపడతాంది?"

"ఏం లేదు సార్."

"ఫ్రేము మీద చీటీ చదివినావా?"

చదవలేదు. ఆ రోజు మా బల్ల మీద పెట్టింది 12,000 గీతల గ్రేటింగ్. దానితో గీత 16 డిగ్రీల 10 నిమిషాల దగ్గర వస్తుంది. నేను దేన్ని చూసి ఏం రాశానో ఆ చీటీ చెప్పేస్తోంది. చెవులు కాలిపోయాయి. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, నేను రాసిన పుటలో పక్కన ఏదో రాసి, సంతకం పెట్టి, పుస్తకం మూసి ఇచ్చాడు. "ఇంటికి పొయ్యి చూసుకో. ఇప్పుడు మాత్రం ఆడే ఉండు."

మిగతా వాళ్లంతా వెళ్లిపోయారు. సార్ తన చేత్తో 15,000 గ్రేటింగ్ పెట్టాడు, స్లిట్‌ను వెంట్రుకంత సన్నగా బిగించాడు, టెలిస్కోపును మొదటి ఆర్డర్ దాటించి 44 డిగ్రీల దాకా తిప్పించాడు. రెండో ఆర్డర్. అంత దూరం మేమెప్పుడూ పోలేదు. అక్కడ వెలుగు పలచబడుతుంది, కష్టపడి చూడాలి, అందుకే.

"ఎన్ని గీతలు?"

"ఒకటి సార్."

"కన్ను కాసేపు మూసి తెరువబ్బయ్యా" అన్నాడు వెనకనుంచి అటెండరన్న. ఆయనకు కూడా ఇంటికి పోవాలని లేదు, ఈ నాటకం ఎట్లా ముగుస్తుందో చూడాలని.

మూశాను. తెరిచాను. ఫోకస్ స్క్రూ అర చుట్టు తిప్పాను. ఒకే గీత అనుకున్నది మెల్లగా చీలి రెండైంది. రెండు సన్నటి పసుపు పోగులు, మధ్యలో నల్లటి సందు. 5890, 5896. వాటి మధ్య తేడా మూడు నిమిషాల చిల్లర కోణం, వెర్నియర్ మీద మూడు గీతలు. మేం ఏడాదంతా రాసిన 5893 అనే వెలుగు లోకంలో ఎక్కడా లేదు. అది ఈ రెంటికీ మధ్య, ఆ నల్ల సందులో ఉంది. సగటు.

అప్పుడు నేనేమన్నానో గుర్తులేదు. అటెండరన్న చెప్పిన దాని ప్రకారం "అబ్బా" అన్నానట.

ఆ తర్వాత సార్‌ను వదల్లేదు. సైకిలు స్టాండు దాకా ప్రశ్నలే. ఆయనకు మాటల్లో ఊరిని తెచ్చే అలవాటు. మా అవ్వ నాకు దిష్టి తీసి ఉప్పు, మిరపకాయలు పొయ్యిలో వేసేదని చెబితే, "మంట పసుపు రంగులో లేస్తాది గదా, అదే ఈ రెండు గీతలు. దిష్టి పోయిందో లేదో తెలీదు గానీ సోడియం మాత్రం ఉండాదని రుజువవుతాది" అన్నాడు. ఇంకోరోజు గుంటూరు సంగతి చెప్పాడు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడడానికి ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త గుంటూరుకు వచ్చాడు. ఆ గ్రహణంలో సూర్యుడి అంచున పసుపు గీత ఒకటి కనిపించింది. మొదట అందరూ సోడియమే అనుకున్నారు. కానీ అది 5876 దగ్గర ఉంది, మన రెండు గీతలకు కొంచెం పక్కన. ఆ కొంచెం పక్కనే హీలియం అనే కొత్త మూలకం. "వాళ్లు గూడా నీ మాదిరే 5893 అని రాసేసి పోయి ఉంటే?" అని ఊరుకున్నాడు.

అటెండరన్న నాకొక పగిలిన గ్రేటింగ్ ముక్క ఇచ్చాడు. లెక్కల్లో కొట్టేసిన సరుకు అన్నాడు, నిజమో కాదో. రాత్రిపూట దాన్ని కంటికి పెట్టుకొని వీధులన్నీ తిరిగాను. అప్పుడు పెద్ద రోడ్ల మీద నారింజ రంగు సోడియం దీపాలు వచ్చేశాయి. నేను ఆశపడింది నా రెండు పసుపు గీతల కోసం. కనిపించింది వేరు. ఎరుపు నుంచి ఆకుపచ్చ దాకా పరుచుకున్న పట్టీ, సరిగ్గా పసుపు ఉండాల్సిన చోట నల్లటి గాటు! రెండు రాత్రులు నిద్ర లేదు. మూడో రోజు సార్ చెప్పాడు: వీధి దీపంలో ఆవిరి పీడనం చాలా ఎక్కువ. నడిమధ్య పుట్టిన పసుపు వెలుగును అంచుల్లో చల్లగా ఉన్న సోడియమే మింగేస్తుంది. ఇచ్చే అణువూ అదే, మింగే అణువూ అదే, ఒకే రంగు. ఇది పుస్తకంలో లేని ప్రయోగం, రోడ్డు మీద దొరికింది. ఇప్పుడు ఆ దీపాలన్నీ పోయి తెల్ల ఎల్ఈడీలు వచ్చాయి. బిల్లు తగ్గింది, మంచిదే. నా గాటు పోయింది.

మూడో సంవత్సరంలో లేజరు వచ్చింది. హీలియం-నియాన్ లేజరు, మోచెయ్యంత గొట్టం, 6328 ఆంగ్‌స్ట్రామ్‌ల ఎర్ర వెలుగు. బీరువాలో తాళం వేసి పెట్టేవాళ్లు. ఆయుధపూజకు అటెండరన్న దానికి గంధం, కుంకుమ పెట్టబోతే, "అద్దానికి తగలనీకప్పా నీ పుణ్యముంటుంది" అని సార్ పరిగెత్తుకొచ్చాడు. చివరికి బొట్టు స్విచ్ పక్కన పడింది.

లేజరు పాఠం ఆయన చెప్పిన తీరు నా కొడుక్కి కూడా చెప్పాను. మామూలు రోజుల్లో జనం ఎక్కువ ఎక్కడుంటారు? కింద తిరుపతిలో. కొండ మీద తక్కువ. గరుడ సేవ రోజు? లెక్క తిరగబడుతుంది, పైనే ఎక్కువ. అణువుల్లో అట్లా జరిగితే దాని పేరు పాపులేషన్ ఇన్వర్షన్. జనం వెంటనే కిందికి దిగిపోకుండా నిలపాలి గదా, దానికి క్యూ కాంప్లెక్సులో కంపార్ట్‌మెంట్లు. హీలియం అణువు అట్లాంటి కంపార్ట్‌మెంటులో శక్తిని పట్టుకొని కూర్చుంటుంది, నియాన్ వచ్చి ఢీకొట్టగానే దానికి అప్పజెప్పేస్తుంది. వెలిగేది నియాన్. ఒక్కడు "గోవిందా" అంటే కంపార్ట్‌మెంటంతా ఒకే గొంతుతో "గోవిందా" అంటుంది చూడు, అదే స్టిమ్యులేటెడ్ ఎమిషన్. పరీక్షలో ఒకడు ఇదంతా యథాతథంగా రాసేశాడు. మార్కులు పడలేదు, పాపం.

ఆ లేజరు కిరణాన్ని మామూలు ఇనుప స్కేలు మీద ఏటవాలుగా జారనిస్తే, ఎదురు గోడ మీద ఎర్ర చుక్కల వరస పడేది. చుక్కల మధ్య దూరాలు కొలిచి, స్కేలు మీది అర మిల్లీమీటరు గీతలతో, మిల్లీమీటరులో వెయ్యోవంతు కూడా లేని తరంగదైర్ఘ్యాన్ని లెక్కగట్టాం. ఇది ఆర్థర్ షాలో అనే ఆయన 1965లో విద్యార్థుల కోసం రాసిన ప్రయోగం. లేజర్ స్పెక్ట్రోస్కోపీకి 1981లో నోబెల్ అందుకున్నది కూడా ఈయనే. మా బ్యాచీ వచ్చిన రీడింగే రాసింది. 6500 దాకా వచ్చింది. సార్ సంతకం పెట్టాడు.

తర్వాత బ్యాంకు ఉద్యోగం, బదిలీలు, పెళ్లి, పిల్లలు. ఎమ్మెస్సీ చేయలేదు. ఇంట్లో పరిస్థితి అది, దాని గురించి రాయడానికి ఏమీ లేదు.

అయితే మా ఊరు చిత్తూరు దారిలో. వచ్చిపోయే ప్రతిసారీ గాదంకి దాటాలి. అక్కడి వాతావరణ పరిశోధన కేంద్రంలో 1998లో జపాన్ వాళ్ల సహకారంతో లైడార్ పెట్టారు. రాత్రి ఆకాశంలోకి ఆకుపచ్చ లేజరు వదిలి, వెనక్కి వచ్చే కాసింత వెలుగును బట్టి పైన గాలిలో ఏముందో కొలుస్తారు. మబ్బు లేని రాత్రి బస్సు కిటికీలోంచి ఒకసారి చూశాను, సన్నటి పచ్చ దారం నిలువుగా. పక్కన కూర్చున్న పెద్దాయన "అదేందబ్బా, సినిమా షూటింగా?" అన్నాడు. తర్వాతి కాలంలో అక్కడే 589 నానోమీటర్ల లేజరుతో సోడియంను కూడా చూశారని చదివి చాలాసేపు పేపరు పక్కన పెట్టలేదు. 589 నానోమీటర్లంటే మా 5890 ఆంగ్‌స్ట్రామ్‌లే. ఉల్కలు కాలిపోతూ వదిలిన సోడియం అణువులు నేలకు 90 కిలోమీటర్ల ఎత్తున పలచటి పొరగా ఉంటాయట. వాటికి సరిపోయే పసుపు రంగును కిందినుంచి పంపితే అవి బదులిస్తాయి. మా అవ్వ పొయ్యిలో ఉప్పు వేసి చూపించిన రంగే.

ఇక అసలు ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, మొన్న మా అక్క కూతురు వాళ్ల కాలేజీలో ల్యాబులు చూపించే రోజు పెట్టారు. డిగ్రీ మూడో ఏడు ఫిజిక్స్. "రా మామా, నీకు ఇష్టం గదా" అని పిలిచింది. తెలివితక్కువగా కనిపించకూడదని ముందురోజు రాత్రి కూర్చొని, వాళ్ల ప్రయోగంలో వాడే రుబీడియం అనే లోహం గురించి చదువుకొని పోయాను.

చెప్పులు బయట విడిచి, కళ్లకు అద్దాలు పెట్టుకొని లోపలికి పోతే చల్లటి గది. బల్ల నిండా చిన్న చిన్న అద్దాలు, కటకాలు, మధ్యలో వేలెడంత గాజు సీసా. ఖాళీ సీసా అనుకున్నాను. దగ్గరగా చూస్తే మూలన వెండి మరకలాగా కొంచెం లోహం. అదే రుబీడియం. 1861లో బున్సెన్, కిర్చాఫ్ వర్ణపటంలో ముదురు ఎర్ర గీతలు చూసి పట్టుకున్నారు, పేరూ ఆ ఎరుపు మీదే పెట్టారు. "39.3 డిగ్రీలకే కరిగిపోతుంది మామా. మే నెలలో ఇక్కడ ఏసీ ఆగితే ఆ మరక కారిపోతుంది" అంది. తిరుపతి ఎండను లోహంతో కొలవొచ్చని నాకు తెలియదు.

లేజరు అగ్గిపెట్టె అంత. 780 నానోమీటర్లు, కంటికి దాదాపు ఆనదు. పాటల సీడీలు చదివే లేజరు కూడా సరిగ్గా ఈ ప్రాంతంలోదే. ఫ్యాక్టరీలు పాటల కోసం లక్షల్లో చేసిన చవక వస్తువు రుబీడియం అణువుకు సరిపోవడం యాదృచ్ఛికమే. కార్ల్ వీమన్ అనే అమెరికా శాస్త్రవేత్త మరో ఇద్దరితో కలిసి, ఇట్లాంటి లేజరును ఒక గ్రేటింగ్‌తో ఎట్లా లొంగదీయాలో ఓ పత్రికలో వివరంగా రాశాడు. ఏ సంవత్సరం? 1992. నేను తిరుపతిలో రీడింగులు వండుతున్న సంవత్సరం. 2001లో ఆయనకు నోబెల్ వచ్చింది, రుబీడియం అణువులను దాదాపు పూర్తిగా చల్లార్చినందుకు.

గ్రేటింగ్ అన్న మాట వినగానే "ఏదీ?" అన్నాను. మూత తీసి చూపించింది. గోరంత. లేజరు ముందు నిలబడి, తనకు కావలసిన రంగును మాత్రమే లేజరులోకి వెనక్కి పంపుతుంది. కాస్త తిప్పితే రంగు కాస్త మారుతుంది. మేం వెలుగును చీల్చి చూడడానికి వాడిన వస్తువుతో వీళ్లు వెలుగుకు పగ్గాలు వేస్తున్నారు.

రంగు మెల్లగా మారుతుంటే తెర మీద గీత నాలుగు చోట్ల గుంత పడింది. అణువులు వెలుగు మింగిన చోట్లు. రుబీడియంలో బరువు తేడా ఉన్న రెండు రకాల అణువులుంటాయి, 87, 85 అని. బయటి రెండు గుంతలు రుబీడియం-87వి, లోపలి రెండు 85వి. ప్రకృతిలో 85 దాదాపు 72 శాతం, అందుకే అవి లోతు. ఒక్కో గుంత వెడల్పు సుమారు 500 మెగాహెర్ట్జ్ (రంగుల మధ్య సన్నటి తేడాలను ఈ కొలతలో చెబుతారు). అణువు నిజంగా ఇచ్చే గీత 6 మెగాహెర్ట్జ్ మాత్రమే. సీసాలో అణువులు సెకనుకు 300 మీటర్ల దాకా వేగంతో అటూ ఇటూ పరుగెత్తుతుంటాయి గనక ఒక్కోదానికి వెలుగు ఒక్కో రంగుగా తోస్తుంది, గీత అలుక్కుపోతుంది.

"ఇప్పుడు చూడు" అని ఒక అట్ట తీసింది. ఎదురు దిక్కు నుంచి రెండో కిరణం, మొదటిదానికన్నా బలమైనది, సీసాలోకి పోయింది. గుంతల అడుగున సూదుల్లాంటి చిన్న చిన్న మొనలు లేచాయి. బండి మీద పోయేవాడికి ఎదురు గాలి గట్టిగా తగులుతుంది, వెనక గాలి తెలియదు. నిలబడ్డవాడికి రెండు వైపులా గాలి ఒకటే. అట్లా రెండు కిరణాలూ ఒకే రంగుగా తోచేది వాటి దారిలో అటూ ఇటూ కదలని అణువులకే. బలమైన కిరణం వాటిని ముందే పైకి పంపేస్తే బలహీన కిరణానికి అడ్డు తగ్గి మొన లేస్తుంది. కోట్ల అణువుల తిరునాళ్లలో నిలబడ్డ వాళ్లను మాత్రమే పలకరించడం! ఇది షాలో, ఆయన శిష్యుడు హెన్ష్ లాంటి వాళ్లు నడిపిన దారే. గోడ మీది మా ఎర్ర చుక్కలు గుర్తొచ్చాయి. నా నోట మళ్లీ "అబ్బా" వచ్చిందని పాప తర్వాత చెప్పింది.

ఆ పక్కన తన రికార్డు తెరిచి ఉంది. బయటి రెండు గుంతల మధ్య దూరం: 6.5 గిగాహెర్ట్జ్, అంటే 6,500 మెగాహెర్ట్జ్. రాత్రి చదివింది నాకు గుర్తుంది, రుబీడియం-87 అణువులో కింది రెండు శక్తి స్థాయిల మధ్య తేడా 6.835.

"6.8 రావాల గదా పాపా. కొంచెం సర్దు" అన్నాను. నాకు తెలియకుండానే వచ్చేసింది ఆ మాట, ముప్పై ఏళ్ల కిందటి గొంతుతో.

అది నా వైపు వింతగా చూసింది. "సర్దడమేంది మామా? 6.8 కింది రెండు మెట్ల మధ్య. పైన నాలుగు గదులుండాయి. పై మెట్టు మీద అణువులు ఎక్కువగా అన్నిటికంటే ఎత్తు గదికి ఎగురుతాయి. కింది మెట్టువి ఆ గదికి పోలేవు, కింది మూడు గదులకే. అందుకే గుంతల మధ్య దూరం 6.8 కన్నా తగ్గుతుంది. 6.55 ప్రాంతంలో రావాల. 6.8 వచ్చుంటేనే నేను భయపడేదాన్ని."

కుర్చీ లాక్కొని కూర్చున్నాను. 12,000 గీతల గ్రేటింగ్ సంగతి మొదటిసారి ఒకరికి మొత్తం చెప్పాను. అది పడీపడీ నవ్వింది.

"మీ సార్ ఎర్ర పెన్నుతో ఏం రాసినాడు?"

"20 డిగ్రీల 22 నిమిషాల పక్కన ఒకటే మాట. 'చీకటి' అని. కింద సంతకం, తేదీ."

"ఆ పుస్తకం ఉందా ఇంకా?"

"అటక మీద ఉండాల. మీ అత్త పాత పేపర్లతో అమ్మేసి ఉండకపోతే."

"ఆదివారం వస్తా, నిచ్చెన పట్టుకుంటా" అంది.